రూపాయిన్నర వడ్డీ, ఎఫ్‌డీ 7 శాతం, ఎక్స్‌ఐఆర్‌ఆర్ 11.5: ఇవన్నీ ఒకే కొలతలోకి తెచ్చేదెలా?

కొత్తపొదుపు:

అందరికీ నమస్కారం. నా ముందున్న అంకెలు ఇవి, ఒకదానితో ఒకటి పోల్చడం రావడం లేదు.

ఇండెక్స్ ఫండ్‌లో నెలకు 5,000 చొప్పున 36 నెలలు ఎస్‌ఐపీ. కట్టింది 1,80,000, ఇప్పటి విలువ 2,14,000. యాప్‌లో ఒకచోట 18.89% అని, ఇంకోచోట ఎక్స్‌ఐఆర్‌ఆర్ 11.5% అని ఉంది. ఏది నిజం?

బ్యాంకు ఎఫ్‌డీ 5 ఏళ్లకు 7%. కానీ కరపత్రంలో "ఈల్డ్ 8.30%" అని పెద్ద అక్షరాల్లో వేశారు.

5 లక్షల చీటీ: 25 మంది, 25 నెలలు, నెలకు 20,000. ఆఖరిదాకా ఉంటే లాభం అంటున్నారు. ఎంత శాతం అంటే ఎవరూ చెప్పరు.

తెలిసినవాళ్లు నోటు మీద రూపాయిన్నర వడ్డీకి డబ్బు అడుగుతున్నారు.

బండి లోన్ "10% ఫ్లాట్" అంటున్నారు. 10 శాతమే కదా, ఎస్‌ఐపీ ఆపకుండా లోన్ తీసుకోవచ్చా?

నిఖార్సైన_లెక్క:

ఏ శాతం చూసినా మూడు అడగండి. నెలకా, ఏడాదికా? ఏ మొత్తం మీద? ఆ మొత్తం నిజంగా ఎంతకాలం అక్కడ ఉంది? మీరు రాసిన అయిదింటిలో ఈ మూడూ అయిదు రకాలుగా ఉన్నాయి, అందుకే పోలిక కుదరడం లేదు.

ముందు ఎస్‌ఐపీ. రెండు అంకెలూ నిజమే. 18.89% అంటే 34,000 లాభాన్ని 1,80,000తో భాగించినది. దీన్ని అబ్సొల్యూట్ రిటర్న్ అంటారు, ఇందులో కాలం లెక్కే లేదు. అదే 18.89 ఏడాదిలో వస్తే గొప్ప, పదేళ్లకు వస్తే దండగ. ఎక్స్‌ఐఆర్‌ఆర్ ప్రతి వాయిదానూ దాని తేదీతో సహా చూస్తుంది. మీ మొదటి 5,000 మూడేళ్లు పనిచేసింది, ఆఖరి 5,000 ఒక్క నెలే పనిచేసింది. సగటున మీ డబ్బు ఫండ్‌లో ఉన్నది ఏడాదిన్నర చిల్లర, అంతే. ఆ కాలానికి 18.89% అంటే ఏడాదికి 11.5% దాకా తేలుతుంది. విడతలవారీగా కట్టేదేదైనా ఎక్స్‌ఐఆర్‌ఆరే చూడాలి. ఒకేసారి పెట్టి ఒకేసారి తీసేదైతే సీఏజీఆర్ (చక్రవడ్డీ లెక్కన ఏడాదికి సగటు పెరుగుదల) చాలు. ఏడాది కూడా నిండని పెట్టుబడికి యాప్ చూపించే ఎక్స్‌ఐఆర్‌ఆర్‌ను మాత్రం పట్టించుకోకండి. రెండు నెలల్లో వచ్చిన 4 శాతాన్ని ఏడాదికి సాగదీసి 26% అని చూపిస్తుంది.

ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కూడా ఇదే తికమక. 6.7% ఆర్‌డీలో నెలకు 5,000 చొప్పున 5 ఏళ్లు 3 లక్షలు కడితే సుమారు 3,56,800 వస్తుంది. "అయిదేళ్లకు 19 శాతమేనా, ఏడాదికి నాలుగు కూడా పడలేదే" అని చాలామంది మోసపోయామనుకుంటారు. మోసమేమీ లేదు. 3 లక్షలూ అయిదేళ్లు అక్కడ లేవు.

ఎఫ్‌డీ కరపత్రం మాత్రం అంకెల గారడీయే. 7% వడ్డీని మూడు నెలలకోసారి అసలులో కలిపితే లక్ష రూపాయలు 5 ఏళ్లలో 1,41,478 అవుతుంది. వడ్డీ 41,478ని అయిదుతో భాగించి 8.30% అని వేశారు. చక్రవడ్డీతో పెరిగిన మొత్తాన్ని బారువడ్డీ లెక్కన పంచడం అన్నమాట. సరైన అంకె 7.19%, ఎస్‌ఐపీ పక్కన పెట్టాల్సింది అదే. నెలనెలా వడ్డీ తీసుకునే రకం ఎఫ్‌డీ అయితే లక్షకు 583 రాదు, 580 దగ్గర వస్తుంది. మూడు నెలలకు ఇవ్వాల్సినది ముందే ఇస్తున్నందుకు బ్యాంకు తగ్గించి ఇస్తుంది. అది తప్పు లెక్క కాదు.

రూపాయిన్నర వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయిన్నర, ఏడాదికి 18%. వడ్డీ నెలనెలా చేతికొచ్చి, దాన్ని మళ్లీ అదే రేటుకు తిప్పగలిగితేనే 19.56% అవుతుంది. మూడేళ్లు ఏమీ వసూలు కాక చివర్లో బారువడ్డీతో లక్షకు 1,54,000 ఇచ్చారనుకోండి, సీఏజీఆర్ 15.5% మాత్రమే. వడ్డీ ఎంతో అడిగే వాళ్లు ఎప్పుడెప్పుడు ఇస్తారో అడగరు.

పాటగది:

చీటీ లెక్క నేను వేస్తాను. కంపెనీని బట్టి షరతులు మారతాయి కాబట్టి ఇది ఒక నమూనా.

చీటీ 5,00,000, ఫోర్‌మన్ (చీటీ నడిపేవారు) కమీషన్ 5%, అంటే ప్రతి పాటకూ 25,000. 2019 సవరణ తర్వాత చట్టం 7% దాకా ఒప్పుకుంటుంది, కాబట్టి చేరేముందు ఒప్పందంలో ఎంత రాశారో చూసుకోండి. మొదటి నెల చీటీ ఫోర్‌మన్‌దే, ఆ నెల అందరూ పూర్తిగా 20,000 కడతారు. 2 నుంచి 10వ నెల వరకు పాట లక్షన్నర తోపుడుకు (చీటీ ఎత్తేవారు వదులుకునే మొత్తం) పోయిందనుకుందాం. అందులో కమీషన్ 25,000 పోగా మిగిలిన 1,25,000ని 25 మందికి పంచితే మనిషికి 5,000, దీన్నే డివిడెండ్ అంటారు. ఆ తొమ్మిది నెలలూ మీరు కట్టేది 15,000. 11 నుంచి 18 వరకు పాట లక్షకు దిగితే డివిడెండ్ 3,000, కట్టేది 17,000. 19 నుంచి 24 వరకు పాట 50,000 అయితే డివిడెండ్ 1,000, కట్టేది 19,000. ఆఖరి నెల పాట ఉండదు. 20,000 కట్టాలి, కమీషన్ పోను 4,75,000 చేతికి వస్తుంది.

మొత్తం కట్టింది 4,25,000, వచ్చింది 4,75,000. లాభం 50,000. ఎక్స్‌ఐఆర్‌ఆర్ వేస్తే 12% దగ్గర. నూటికి రూపాయి కంటే కాస్త తక్కువ వడ్డీ.

ఇదే చీటీని రెండో నెలలో ఎత్తినవాడి వైపు నుంచి చూడండి. చేతికి వచ్చింది 3,50,000. అతను కూడా కట్టేది మొత్తం 4,25,000. పైకి 75,000 వడ్డీలా కనిపిస్తుంది, రెండేళ్లకు పర్వాలేదనిపిస్తుంది. కానీ మర్నెల నుంచే తిరిగి కడుతున్నాడు కాబట్టి నెలకు 1.77% పడుతుంది, అంటే నూటికి రూపాయి ముప్పావు పైనే. ఏడాదికి 21%, చక్రవడ్డీ లెక్కన 23.4%. ఒకే చీటీలో ఎత్తినవాడు రూపాయి ముప్పావు ఇస్తే, ఆగినవాడికి రూపాయిలోపు అందింది. మధ్యలో పోయింది కమీషన్.

దీనిపైన ఫోర్‌మన్ కమీషన్ మీద 18% జీఎస్‌టీ ఉంది, 25,000కి 4,500. అది పాడినవారి సొమ్ములోంచి కోస్తారా, అందరి మీదా వేస్తారా అన్నది ఒప్పందంలో ఉంటుంది. అక్కడే ఇంకో షరతు చదవండి: వాయిదా ఆలస్యమైతే ఆ నెల డివిడెండ్ పోతుందా? అలాంటి షరతు ఉంటే, పై లెక్కలో తొలి నెలల్లో ఒక్కసారి ఆలస్యమైనా 5,000 పోయినట్టే. మొత్తం లాభంలో పదో వంతు.

కిస్తీ:

@పాటగది గారి లెక్క సరిగానే ఉంది, కానీ చదివినవాళ్లు "చీటీ అంటే 12%" అని పట్టుకుపోతారు. ఆఖరిదాకా ఉండేవాడి లాభం పూర్తిగా మిగతావాళ్ల అవసరం మీద ఆధారపడుతుంది. అదే చీటీలో 2 నుంచి 24 దాకా ప్రతి పాటా 50,000కే ఆగిపోయిందనుకోండి. 23 నెలలు 19,000 చొప్పున 4,37,000, మొదటి, ఆఖరి నెలలవి 40,000. మొత్తం 4,77,000 కట్టి 4,75,000 తీసుకుంటారు. రెండేళ్లు ఆగి రెండు వేలు నష్టం. సభ్యులందరూ పొదుపు కోసమే చేరిన చీటీలో జరిగేది ఇదే. పిల్లల ఫీజులు, సరుకు కొనుగోళ్లు, పెళ్లిళ్లు ఉన్నవాళ్లు ఎక్కువుంటేనే పాట పైకి వెళ్తుంది. అదే కంపెనీలో అదే మొత్తానికి ఈమధ్యే ముగిసిన గ్రూపు పాటల జాబితా చూపించమని అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడ చేరొద్దు.

ఇక బండి లోన్. ఫ్లాట్ రేటును మీ ఎస్‌ఐపీ 11.5 పక్కన పెట్టకూడదు. లక్ష అప్పు, ఏడాది, 10% ఫ్లాట్ అంటే వడ్డీ 10,000, ఈఎంఐ 9,167. ఆరు నెలలకే అసలులో దాదాపు సగం తీరిపోతుంది, అయినా వడ్డీ మాత్రం లక్షకూ ఏడాది పొడుగునా వేశారు. తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే ఇది 17.97%. మూడేళ్లకు తీసుకున్నా 17.9 దగ్గరే ఉంటుంది. ఒకటి నుంచి మూడేళ్ల అప్పులకు ఫ్లాట్ రేటును 1.8తో గుణిస్తే అసలు రేటు దరిదాపుల్లోకి వస్తారు.

ప్రాసెసింగ్ ఫీజు ఇంకా కలపలేదు. 2% ఫీజు, దానిమీద జీఎస్‌టీ కలిపి 2,360 ముందే పట్టుకుంటే చేతికొచ్చేది 97,640. ఈఎంఐ అదే 9,167. ఇప్పుడు రేటు 22.6%. అప్పు గడువు ఎంత తక్కువైతే ఫీజు అంత గట్టిగా కొడుతుంది. పదిహేను రోజుల యాప్ అప్పుల్లో వడ్డీ కంటే ఫీజే అసలు దెబ్బ.

ఈ లెక్క మీరే వేయనక్కర్లేదు. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) ఇచ్చే రిటైల్ టర్మ్ లోన్లన్నింటికీ (వ్యక్తులకు నిర్ణీత గడువుతో ఇచ్చే అప్పులు) సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ అనే గడి ఉంటుంది. వడ్డీతో పాటు ఫీజులు కూడా కలిపిన వార్షిక రేటు అది. షోరూమ్‌లో ఈఎంఐ అంకె చెప్పి సంతకం అడిగితే, ఆ కాగితం చూశాకే పెన్ను పట్టండి. అందులో లేని ఛార్జీని తర్వాత మీ అనుమతి లేకుండా వేయకూడదు.

కొత్తపొదుపు:

అందరికీ ధన్యవాదాలండీ. చీటీ లెక్క చూశాక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఫంక్షన్ వేద్దామని కూర్చుంటే తప్పు చూపిస్తోంది, సంఖ్య రావడం లేదు. ఇంకో సందేహం: ఒక ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిసినది) ఏజెంటు "బోనస్ వెయ్యికి 45" అంటున్నారు. అంటే 4.5% వడ్డీయా? పైగా బీమా కూడా ఉంది కదా.

నిఖార్సైన_లెక్క:

షీట్ ముందు. ఒక వరుసలో తేదీలు, పక్క వరుసలో మొత్తాలు. మీ జేబులోంచి వెళ్లినవి మైనస్‌తో, మీకు వచ్చినవి ప్లస్‌తో. ఆఖరి గడిలో ఈరోజు తేదీ, ఈరోజు విలువ (ప్లస్‌తో). ఫంక్షన్‌లో ముందు మొత్తాలు, తర్వాత తేదీలు ఇవ్వాలి. చాలామంది తిరగేసి ఇస్తారు. తప్పు వస్తోందంటే మామూలుగా రెండే కారణాలు: అన్నీ ఒకే గుర్తుతో ఉన్నాయి, లేదా తేదీలు తేదీలుగా కాక అక్షరాలుగా పడ్డాయి. రెండోదాన్ని కనిపెట్టడం తేలిక. తేదీ గడిని ఒకటితో కూడి చూడండి, మర్నాటి తేదీ రాకపోతే అది అక్షరమే. రోజు-నెల-సంవత్సరం వరుసలో కొడితే, నెల-రోజు వరుసలో ఉన్న షీటు 12 దాటిన రోజుల్ని అక్షరాలుగానూ, 12 లోపు వాటిని వేరే నెలగానూ తీసుకుంటుంది. ఈ రెండో రకం మరీ ప్రమాదం. తప్పు చూపించదు, తప్పుడు రేటు ఇస్తుంది. ఫైల్ సెట్టింగుల్లో ప్రాంతం ఇండియా అని మార్చండి.

చీటీలాగా నెలనెలా సమానమైన వ్యవధి ఉన్నవాటికి తేదీలు లేకుండా ఐఆర్‌ఆర్ ఫంక్షన్ చాలు. కానీ అది నెల రేటు ఇస్తుంది. ఎక్స్‌ఐఆర్‌ఆర్ పక్కన పెట్టాలంటే 12తో గుణిస్తే చాలదు, చక్రవడ్డీ లెక్కన ఏడాది రేటుకు మార్చుకోవాలి: (1 + నెల రేటు)^12 - 1. చీటీలో పాట ఎత్తిన నెలలో వచ్చిన సొమ్ములోంచి ఆ నెల వాయిదా తీసేసి ఒకే గడిలో రాయండి.

వెయ్యికి 45 అంటే 4.5% వడ్డీ కాదు. ఆ వెయ్యి మీరు కట్టిన ప్రీమియంలో వెయ్యి కాదు, బీమా మొత్తంలో వెయ్యి. 10 లక్షల పాలసీకి ఏడాదికి 45,000 బోనస్ రాస్తారు. చేతికివ్వరు, దానిమీద వడ్డీ కూడా పెరగదు, గడువు తీరినప్పుడు కలిపి ఇస్తారు. ఏడాదికి 50,000 ప్రీమియం, 20 ఏళ్లు, బోనస్ రేటు ఎప్పుడూ 45గానే ఉందనుకుంటే: కట్టేది 10 లక్షలు, వచ్చేది 10 లక్షలు ప్లస్ 9 లక్షలు. "డబ్బు దాదాపు రెట్టింపు" అని చెబుతారు. రేటు 5.8% లోపే. చివర్లో అదనపు బోనస్ ఇస్తే కొంచెం పెరుగుతుంది, దానికి హామీ లేదు. బీమా కావాలంటే టర్మ్ పాలసీ (పొదుపు లేని, ప్రాణానికి మాత్రమే బీమా) విడిగా తీసుకుని పోల్చండి. రెండూ కలిపి అమ్మినప్పుడు రెండింటి ధరా కనిపించదు.

రశీదు:

ఎస్‌ఐపీ స్టేట్‌మెంట్‌లో ఇంకొన్ని మాటలు మిమ్మల్ని తికమక పెడతాయి, ముందే చెప్పేస్తాను.

5,000 కడితే 4,999.75కే యూనిట్లు వచ్చాయని కంగారు పడకండి. ఆ పావలా స్టాంప్ డ్యూటీ, 0.005%, 2020 జులై నుంచి ఉంది. మధ్యాహ్నం 3 గంటల్లోపు ఆర్డర్ పెట్టినా డబ్బు ఫండ్ ఖాతాలోకి చేరిన రోజు ఎన్‌ఏవీయే (ఒక యూనిట్ ధర) ఇస్తారు, అందుకే ఒక్కోసారి రోజు మారుతుంది. ఎన్‌ఏవీ 10 ఉన్న కొత్త ఫండ్ చవక అనుకోకండి. 10 రూపాయల యూనిట్లు 500 ఉన్నా, 250 రూపాయల యూనిట్లు 20 ఉన్నా మీ దగ్గర ఉన్నది 5,000 విలువైన షేర్ల వాటాయే.

ఐడీసీడబ్ల్యూ అనే ప్లాన్‌ను ఒకప్పుడు డివిడెండ్ అనేవారు. 2021 ఏప్రిల్ నుంచి సెబీ (మార్కెట్ల నియంత్రణ సంస్థ) పేరు మార్పించింది, ఎందుకంటే ఇచ్చిన మేర ఎన్‌ఏవీ తగ్గిపోతుంది. అదనపు లాభం కాదు. లాభం ఫండ్‌లోనే ఉండిపోయే గ్రోత్ ప్లాన్ తీసుకోండి. డైరెక్టా (నేరుగా కొనేది), రెగ్యులరా (పంపిణీదారు ద్వారా కొనేది) అన్నది ఫండ్ పేరులోనే ఉంటుంది. రెగ్యులర్‌లో పంపిణీదారు కమీషన్ ఎక్స్‌పెన్స్ రేషియోలో (ఫండ్ ఏటా తీసుకునే ఖర్చుల శాతం) కలిసి రోజూ ఎన్‌ఏవీలోంచి పోతుంది, బిల్లు రాదు. లక్ష రూపాయలు 20 ఏళ్లు 12% చొప్పున పెరిగితే 9,64,600. అదే 11% అయితే 8,06,200. ఒక్క శాతం తేడా లక్షన్నర పైమాటే.

ఎగ్జిట్ లోడ్ (గడువులోపు తీస్తే పట్టుకునే రుసుము) ఉన్న ఫండ్ అయితే దాని గడువు ఒక్కో వాయిదాకు విడివిడిగా నడుస్తుంది. ఏడాది గడువున్న ఫండ్‌లో "మూడేళ్లుగా కడుతున్నాను కదా" అని మొత్తం తీస్తే ఆఖరి 12 నెలల వాయిదాల మీద లోడ్ పడుతుంది. పన్ను కూడా అంతే. ఈక్విటీ ఫండ్‌లో ఏడాది దాటిన యూనిట్ల లాభంలో ఏడాదికి 1,25,000 వరకు పన్ను లేదు, ఆ పైన 12.5%. ఏడాది లోపువైతే 20%. అమ్మకంలో పాత యూనిట్లే ముందు పోతాయి కాబట్టి కొంత భాగం తీసేవాళ్లకు ఇబ్బంది లేదు.

ఎఫ్‌డీ వడ్డీని మీ ఆదాయానికి కలిపి శ్లాబు ప్రకారం పన్ను వేస్తారు. 30% శ్లాబులో సెస్సుతో 31.2% పోతే 7.19లో మిగిలేది 4.95. పన్ను పడనివారికి 7.19 మొత్తం మీదే. ఒకే ఎఫ్‌డీ ఇద్దరికి రెండు రేట్లు.

ఇక 18% నోటు సంగతి. శాతాల పట్టికలో అదే పైన ఉంటుంది, కానీ మిగతావాటి పక్కన రాసేటప్పుడు ఇంకో గడి గీయండి: ఇవ్వకపోతే ఏమిటి? బ్యాంకు డిపాజిట్లకు ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా డీఐసీజీసీ (రిజర్వ్ బ్యాంకు అనుబంధ డిపాజిట్ బీమా సంస్థ) బీమా ఉంది. చీటీకి ఆ బీమా లేదు. రిజిస్టర్డ్ చీటీ అయితే రిజిస్ట్రార్ దగ్గర ఫోర్‌మన్ పెట్టిన సెక్యూరిటీ, ఫిర్యాదుకు ఒక ఆఫీసు ఉంటాయి. వీధిలో నడిపే చీటీకి అవీ లేవు. నోటుకైతే ఆ మనిషే దిక్కు. ప్రామిసరీ నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. గడువు దాటకముందే కొంత జమ తీసుకుని నోటు వెనక చెల్లు వేయించుకుంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. ఆ చెల్లు బాకీదారు చేతిరాతతో గానీ, సంతకంతో గానీ ఉండాలి. మీరు రాసుకున్న చెల్లు పనికిరాదు. 20,000 గానీ అంతకు మించి గానీ అప్పును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా తీసుకున్నవారికే. అయినా మీరు బ్యాంకు ద్వారానే పంపండి. రేపు కోర్టులో డబ్బు ఇచ్చినట్టు చూపించాల్సింది మీరే.

కొత్తపొదుపు:

షీట్ పనిచేసింది, తేదీలే అక్షరాలుగా పడ్డాయి. బండి లోన్‌కు ఏపీఆర్ కాగితం అడిగితే 21.4% అని ఉంది. ఎస్‌ఐపీ ఆపి ఆ డబ్బు బండికి కట్టడమా, పాత యూనిట్లు కొన్ని అమ్మడమా?

కిస్తీ:

21.4 ఖాయంగా పోయేది, 11.5 వస్తుందో రాదో తెలియనిది. అప్పు ఎంత తక్కువ తీసుకుంటే అంత మేలు. ఏడాది దాటిన యూనిట్లు మీకు 24 వాయిదాల దాకా ఉన్నాయి, మొత్తం లాభమే 34,000 కాబట్టి వాటిమీద పన్ను పడదు, ఏడాది లోపు లోడ్ మాత్రమే ఉన్న ఫండ్ అయితే అదీ పడదు. ముందు వాటిలో బండికి సరిపడా అమ్మండి. మిగతా తక్కువైతే బ్యాంకులో ఎఫ్‌డీ మీద అప్పు గానీ బంగారం మీద అప్పు గానీ అడిగి, దాని ఏపీఆర్‌ను ఈ 21.4 పక్కన పెట్టి చూడండి. లోన్ తీసుకోక తప్పకపోతే ముందుగా తీర్చేస్తే పడే ఛార్జీ ఎంతో కూడా ఆ కాగితంలోనే ఉంటుంది, సంతకానికి ముందు ఆ గడి కూడా చదవండి.